మంట తెలియని కాలు

మంగళవారం

ఎనుమాముల మార్కెట్లో బస్తాల్లో మిరపకాయలు నింపే మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అరికాలిలో పుండు కనబడింది. దాని నిండా కారం. మిరప రాశి అంటే లక్ష్మి, చెప్పులతో తొక్కొద్దని అక్కడి హమాలీల పట్టింపు.

"మండుతలేదా?" అన్నాను.

"జరంత గూడ లేదు. ఫికర్ చెయ్యకు."

షుగర్ ముదిరితే కాళ్లకు స్పర్శ పోతుందని డాక్టరమ్మ నిరుడే చెప్పింది. గోలీలు మింగడని ఇన్నాళ్లూ తిట్టాను. ఈ రోజు ఆ కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"రేపు దవాఖానకు పోదాం. నేనొస్త. ఇగ రోజూ నీ కాళ్లు నేనే చూస్త," అన్నాను. తలూపాడు.

పుండు కడిగి, అలవాటుగా ఊదాను.

"ఎందుకు ఊదుతున్నవ్? మండుతలేదన్న గదా."

అయినా ఊదుతూనే ఉన్నాను, ఒక్కసారి అబ్బా అంటే చాలనుకుంటూ.