మీ బావ గొంతు ఏ ఛానల్లో ఉంది?

కుఓపియో,
అక్టోబరు 23, బుధవారం.

ప్రియమైన తౌనో అన్నయ్యకి,

నీ చెల్లెలు హెల్వి నమస్కరించి రాసేది. నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ పాత పడవా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. ఆ క్షేమం సంగతి కిందికి వస్తే నీకే తెలుస్తుంది. పొద్దుటి నుంచీ కాఫీ పెట్టడం, చల్లార్చడం, పారబోయడం, ఇదే పనిగా ఉన్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేమిటని విసుక్కోకు. మా నంబరు చూస్తే నువ్వు ఫోను ఎత్తవు. ఈమెయిలు రాస్తే మీ బావ అర్మాస్ కంట పడుతుంది, ఇంట్లో కంప్యూటర్లన్నిటికీ ఆయనే యజమాని కదా. మీ కంప్యూటరు క్లబ్బులో కాఫీ కాచే సైమి రేపు రైల్లో మీ ఊరు ఓలు వస్తోంది. నీ తలుపు సందులోంచి లోపలికి పడేసి రమ్మని ఆమె చేతికిస్తున్నాను. అర్మాస్‌కి ఈ సంగతి తెలియదు.

ముందు అసలు కబురు. మీ బావ గొంతులో ఉన్న గడ్డ మంచిది కాదని పోయిన నెల తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం ఆపరేషను. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. తర్వాత మాట్లాడటానికి వేరే ఉపాయాలున్నాయి, నేర్పిస్తాం అని కూడా చెప్పింది. వాటిలో ఏదీ అర్మాస్ గొంతులా ఉండదన్న మాటా దాచలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆయన కారులో మాట్లాడుతూనే ఉన్నాడు. చలికాలం టైర్లు, మునిసిపాలిటీ వాళ్ళు తవ్వి వదిలేసిన రోడ్డు, నీ పడవ ఎప్పటికైనా మునుగుతుందన్న జోస్యం, ఒకటని కాదు. మామూలుగా అయితే కాసేపు నోరు మూసుకోవయ్యా అనేదాన్ని. ఆ రోజు అనలేదు.

ఇక మీ భాషలోకి వస్తాను. నాకర్థమైనంతే రాస్తాను, తప్పులుంటే నవ్వుకో. కంప్యూటరు నడిపే సిస్టం కొత్త కూర్పులు లోకం కంటే ముందు మీ క్లబ్బు వాళ్ళకి వస్తాయి, వాడి చూసి తప్పులు రాసి పంపడానికి. మీ బావది డెవ్ ఛానల్. పచ్చిగా ఉన్నవన్నీ ముందు అక్కడికే వస్తాయి. నీది బీటా, కాస్త ఉడికాక దిగుతాయి. నేనైతే లోకమంతటితో పాటు చల్లారాకే తింటాను, నాకు ఏ బాధా లేదు. మనిషన్నవాడు జీతం లేకుండా ఒకరి తప్పులు వెతికిపెట్టడం ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టదు గాని, మీ ఇద్దరూ దాని కోసం మాటలు కూడా మానుకున్నారు.

ఆ రోజు గుర్తుందిగా. నిన్ను ఉద్ధరించాలని మీ బావ నీకు చెప్పకుండా నీ యంత్రాన్ని డెవ్‌లోకి తోశాడు. సాయంత్రం క్లబ్బు క్రిస్మస్ విందులో నువ్వు పడవ ఫోటోలు చూపిద్దామని తెరిస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. "నీకు కంప్యూటరు కాదు బావా, బొంగరం కొనివ్వాలి" అన్నావు నువ్వు. "చద్దన్నం తినేవాడికి వేడి వేడి రుచేం తెలుస్తుందిలే" అన్నాడాయన. సైమి మధ్యలో అల్లం బిస్కెట్లు పెట్టినా మీరు చూడలేదు. డెవ్ కన్నా బీటానే నయం, తప్పు నాదే అని నీ నోటితో చెప్పు, అప్పుడు మాట్లాడతాను అని నువ్వు కోటు వేసుకుని వెళ్ళిపోయావు. ఆయన చెప్పలేదు. తప్పు తనదని ఒప్పుకోవడం ఆయన నోట నేను పెళ్ళయినప్పటి నుంచీ వినలేదు, నీకోసం కొత్తగా మొదలుపెడతాడా?

డాక్టరమ్మ మాట విన్న కొన్నాళ్ళకే, సెప్టెంబరు చివర్లో, డెవ్‌కి ఒక కొత్త సౌకర్యం వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని కాసేపు మాట్లాడితే, మన గొంతును నేర్చుకుని, తర్వాత మనం టైపు చేసింది మన గొంతుతోనే చదువుతుందట. అదీ ఫిన్నిష్‌లో! మీ బావ ఆ వేళ చిన్నపిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు. "చూశావుటే, డెవ్‌లో ఉన్నాను కాబట్టి దొరికింది. మీ అన్నలాగా బీటాలో కునుకుతుంటే నా గొంతు ఆస్పత్రి బుట్టలోకి పోయేది" అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

తోచింది మాట్లాడొచ్చు, లేదా వాళ్ళిచ్చిన వాక్యాలు చదవొచ్చు అని ఉందట. ఇన్నేళ్ళు తప్పులు రాసి పంపిన మనిషి కదా, వాక్యాలే ఎంచుకున్నాడు. యంత్రానికి ఎక్కడా అనుమానం రాకూడదని ఒక్కో అక్షరం విడదీసి, ఎత్తూ పల్లం లేకుండా, ఊపిరి కూడా దాచుకుని చదివాడు. కిటికీలు మూయించాడు. ఫ్రిజ్ ఆపించాడు, నా వెన్న కరిగిపోయింది. మర్నాడు గొంతు తయారైంది. నన్ను పిలిచి ఏదో టైపు చేశాడు. "హెల్వీ, కాఫీ పెట్టు" అంది యంత్రం.

అన్నయ్యా, అది మీ బావ కాదు. స్టేషనులో రైలు ఆలస్యమని చెప్పే మనిషి. తప్పంటూ ఒక్కటీ లేదు, అర్మాస్ కూడా లేడు. నేను నవ్వేశాను. ఆయనా నవ్వాడు. "సరేలే, మళ్ళీ చదువుతా, ఈసారి తాగొచ్చి చదువుతా" అన్నాడు. నేను గిన్నెలు కడగాలని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మళ్ళీ చదవడానికి లేకపోయింది. ఆ వారమే డెవ్‌కి కొత్త కూర్పు వచ్చింది. వివరాలు చదవకుండా బటను నొక్కొద్దని క్లబ్బులో అందరికీ క్లాసు పీకేది ఎవరు? మీ బావ. చదవకుండా నొక్కింది ఎవరు? ఆయనే. కాఫీ కలుపుకుంటూ నొక్కేశాడు. తీరా చూస్తే గొంతు నేర్చుకునే సౌకర్యం డెవ్‌లోంచి తీసేశారట, బాగుచేసి చలికాలం పోయాక మళ్ళీ పెడతారట. చేసిన స్టేషను గొంతు మాత్రం ఉంది. కొత్తది చేసుకోవడానికి దారి లేదు.

ఇప్పుడు సైమి చెప్పేదేమిటంటే, అదే సౌకర్యం ఈ నెల బీటాలోకి దిగిందట. కానీ బీటాలో ఉన్నవాళ్ళందరికీ రాదట, ముందు కొందరి యంత్రాలకే లాటరీలాగా ఇస్తారట. పైగా డెవ్ నుంచి బీటాకి నేరుగా దిగడానికి లేదట. యంత్రాన్ని మొత్తం తుడిచి మొదటి నుంచి వేసుకోవాలి. ఫోటోలూ అవీ వేరే డిస్కులో దాచుకోవచ్చు గాని, చేసిన గొంతు ఆ యంత్రం దాటి బయటికి రాదు. దొంగల చేతిలో పడకూడదని అలా కట్టారట. అంటే తుడిస్తే ఆ స్టేషను మనిషి కూడా పోతాడు. తుడిచి బీటాకి వెళ్ళాక లాటరీ తగలకపోతే మీ బావకి ఏ గొంతూ మిగలదు.

ఆయన ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. తుడవడానికి అంతా సిద్ధం చేసుకుంటాడు, ఆ గొంతు చేత ఓసారి వాతావరణ వార్తలు చదివించుకుంటాడు, మూసేస్తాడు. "చేతిలో ఉన్నది వదులుకోకు" అంటాను నేను. "నువ్వేగా నవ్వింది" అంటాడు. "అయితే తుడిచెయ్" అంటాను. "పోతే ఎవరిస్తారు, మీ అన్నా?" అంటాడు. ఇంట్లో ఇద్దరం ఒకరి చుట్టూ ఒకరం తిరుగుతున్నాం. గొంతేమో రోజు రోజుకీ బొంగురు పోతోంది.

నేను నీకు రాయడానికి కారణం ఇది. ఆ సౌకర్యం ఓలులో ఒకరికి వచ్చిందని క్లబ్బు వాళ్ళకి తెలిసిందట, పేరు తెలియలేదట. ఓలులో బీటా పట్టుకుని కూర్చుని, ఊరందరూ వెతుకుతున్నది తన దగ్గరుంటే కూడా పెదవి విప్పని మనిషి నువ్వు కాక ఇంకెవరున్నారు? ఒకసారి నీ యంత్రం తెరిచి చూడు. ఉంటే నేను అడుగుతున్నది చిన్న సాయం కాదని తెలుసు. గొంతు అందులో పుడితే అందులోనే ఉండిపోతుంది. నువ్వు ఎవరినీ వేలు పెట్టనివ్వని ఆ యంత్రాన్నే మీ బావకి ఇచ్చేయమంటున్నాను.

ఇంకొకటి కూడా అడుగుతున్నాను. నువ్వు ఎదురుగా కూర్చోవాలి. నీతో పోట్లాడేటప్పుడే ఆయన గొంతు ఆయనదిలా ఉంటుంది. నాతో ఎంత పోట్లాడినా అంత రుచిగా ఉండదు. బీటా గురించి ఏదో ఒకటి అను, మిగతాది ఆయన చూసుకుంటాడు, యంత్రం వింటుంది. నాకు ఆ గొంతు కావాలి అన్నయ్యా. ఇల్లు తుడుచుకుంటుంటే పక్క గదిలోంచి తిట్టే ఆ గొంతే కావాలి.

సైమితో నీకిష్టమని చేపల రొట్టె పంపుతున్నాను. చల్లగా తినకు, వేడి చేసుకో. ఆలస్యం చేయకుండా ఏ సంగతో సైమి ఫోనుకి చెప్పు.

ఉంటాను,
నీ చెల్లెలు,
హెల్వి.

తా.క. కవరు అంటించబోతుంటే మీ బావ పిలిచాడు. వెళ్ళి చూస్తే యంత్రం కొత్తదానిలా మీ భాష ఏదో ఎంచుకోండి అని అడుగుతోంది. నిన్న నేను ఆవిరి స్నానానికి వెళ్ళినప్పుడే తుడిచేశాడట. బీటా వేశాడట, లాటరీ తగల్లేదట. మళ్ళీ తుడిచి వేశాడట, మళ్ళీ తగల్లేదట, ఇది మూడోసారట. స్టేషను గొంతు పోయింది. ఎందుకు తుడిచావయ్యా అంటే ఏమన్నాడో తెలుసా? "ఆ రోజు దాన్ని విని నవ్వావు. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఉన్నావు. నీళ్ళ కోసం వచ్చి చూశాను హెల్వీ, సింకులో ఒక్క గిన్నె కూడా లేదు" అన్నాడు.

ఇంక దాచి ఏం లాభమని ఈ ఉత్తరం చేతికిచ్చాను. చింపేస్తాడనుకున్నాను. చివరిదాకా చదివి, "స్టేషను మనిషి అని కూడా రాశావుటే" అని మాత్రం అన్నాడు. నీ యంత్రంలో ఉన్నా లేకపోయినా శనివారం పొద్దుటి రైలుకి ఇద్దరం వస్తున్నాం, తలుపు తియ్యి. ఆయన పక్కనే నిలబడి రాయిస్తున్నాడు: "డెవ్ కన్నా బీటానే నయమని, తప్పు నాదేనని మీ అన్నకి చెప్తాను. కాగితం మీద కాదు, వాడు కోరినట్టు నా నోటితోనే, వాడి యంత్రం ముందు కూర్చుని. రికార్డు చేసుకోమను. మళ్ళీ అడిగితే చెప్పలేను."