మూడో స్తంభం మీది రావిమొక్క

ఖైరున్,

నీకు, మహీన్‌కు, దాని చంటిపిల్లకు నా సలాములు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం ఎవరు? నేనొక్కణ్ణే కదా. నేను బాగానే ఉన్నాను. బరంపురంలో మీరంతా చల్లగా ఉండాలని రోజూ దువా చేస్తున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని అల్లుడు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఫోన్ చేస్తే మహీన్ స్పీకర్ పెడుతుంది. అటు పిల్ల ఏడుస్తుంది, ఇటు కుక్కర్ కూత. "తిన్నావా?" అంటావు, "ఆ" అంటాను. అక్కడితో మాటలైపోతాయి. కాగితం ముందు కూర్చుంటే నువ్వొక్కదానివే వింటున్నట్టు ఉంటుంది.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. పుదీనా కుండీ సంగతి తర్వాత చెప్తాను. ఏటి వంతెన మీద పని ఇంకా సాగుతోంది. వానలు పడేలోపు నీళ్ళు పోయే గొట్టాల్లో మట్టి తీయాలి, అతుకుల దగ్గర ఇసుక ఊడ్చాలి, పగుళ్ళు కనబడితే గురునాథరావుగారికి చెప్పాలి. ఆయన కొత్త సూపర్‌వైజరు. అరుస్తాడు గానీ మంచివాడే.

"మీ గుంపువాళ్ళు ముట్టని రావిమొక్కలు నీ చేతే ఎందుకు పీకిస్తారు? పాపం నీకు తగలదా?" అని కోప్పడ్డావు. కోపం దేనికే? పిట్టలు గింజలు రాల్చిపోతాయి, కాంక్రీటు సందుల్లో మొలుస్తాయి. వేరు లోపలికి పాకితే వంతెన చీలుతుంది. ఎవరో ఒకరు పీకాలి కదా. మా గుంపులో మిగతా అందరూ రావిచెట్టుకు దండం పెట్టేవాళ్ళే. మొన్న కూడా మొక్క కనబడగానే అప్పలసూరి చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు.

"నాను ముట్టను బావా. దేవుడి సెట్టు. నువ్వే లాగియ్యి, నీకేటీ అవదు."

"అంటే మీ దేవుడు నన్ను వదిలేస్తాడంటావా?"

"మీ దేవుడు అడ్డుపడతాడులే!"

అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

కింద టీ అమ్మే పోతమ్మ మాత్రం ఊరుకోదు. "ఒరే జలీలూ, పారేయకురా. ఒడ్డున పాతియ్యి, బతికిపోద్ది" అంటుంది. ఈ వంతెన కట్టినప్పుడు ఆమె కంకర తట్టలు మోసిందట. తన చంటిపిల్లకు పరంజా కర్రలకే ఉయ్యాల కట్టిందట. "నాను మోసిన కంకర మీదే మీ బస్సులన్నీ పోతన్నాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. వరద దూలాల దాకా వచ్చిన ఏడు కూడా వంతెన కదల్లేదని తెగ మురిసిపోతుంది. ఆమె మాట మీద పీకినవన్నీ ఒడ్డున పాతాను. ఇప్పుడు వరసగా చిగుళ్ళేస్తున్నాయి.

ఇక ఇన్నాళ్ళూ రాయని సంగతి. వన్ టౌన్‌లోని మన ఇంట్లో నేను ఉండటం లేదు. నువ్వు వెళ్ళిన వారానికే తాళం వేసేశాను. నువ్వు బోర్లించిన గిన్నెలు అలాగే ఉన్నాయి, నీ పాత చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ అన్నం తినలేకపోయాను. వంతెన కింద సామాన్ల షెడ్డులోనే పడుకుంటున్నాను. పుదీనా ఎప్పుడో ఎండిపోయింది. పచ్చగా ఉందని రాసింది అబద్ధం.

ఇంకొకటి కూడా ఉంది. మూడో స్తంభం మీద, ఎవరూ తొంగిచూడని బయటివైపు, ఒక రావిమొక్కను పీకకుండా వదిలేశాను. పొద్దున్నే పనికి ఎక్కగానే ఆకులాడించేది, ఎవరో పలకరించినట్టుండేది. దాంతో మాట్లాడేవాణ్ణి ఖైరున్, నవ్వకు. సీసాలో మిగిలిన నీళ్ళు దానికే పోసేవాణ్ణి. వంతెనను కాపాడమని జీతమిస్తుంటే, దాన్ని చీల్చేదాన్ని నా చేత్తో పెంచాను.

నిన్న చూద్దును కదా, మోకాలెత్తయింది. పక్కనే సన్నగా పగులు. అప్పుడే పైనుంచి బరంపురం బస్సు పోయింది. ఏదో ఒకరోజు ఆ బస్సులో నువ్వుంటావు కదా అని తట్టింది. మొదలు పట్టి లాగాను. వస్తేనా! అప్పలసూరి వెనకనుంచి నా నడుం పట్టుకున్నాడు. ఊడివచ్చిన వేరు మూరెడుంది.

"ఇంతయ్యేదాకా సూళ్ళేదేటి బావా?" అన్నాడు.

అక్కడే కూలబడి ఏడ్చేశాను. దెబ్బ తగిలిందనుకుని వాడు టీకి పరిగెత్తాడు. గురునాథరావుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నోటికొచ్చినట్టు తిట్టి, తనే నిలబడి పగులు పూడ్పించారు. లోతుగా పోలేదట. మొక్కను పోతమ్మ అడిగి తీసుకుంది.

"నువ్వు ఒక్కసారైనా నన్ను రమ్మన్నావా? నేను లేకపోయినా నీకు బాగానే ఉంది. ఇల్లు ఖాళీ చేసి నువ్వే వచ్చెయ్" అని రాశావు. బాగాలేదు ఖైరున్. బిడ్డ దగ్గర హాయిగా ఉన్నదాన్ని పిలవడం ఎందుకని నోరు కట్టుకున్నాను. నువ్వేమో నేను వద్దనుకుంటున్నానని అనుకున్నావు. ఇల్లు ఖాళీ చేద్దామంటే చేద్దాం, అక్కడే ఉందామంటే ఉందాం. కానీ ఆ తాళం నేనొక్కణ్ణీ తీయలేను.

పగులు పూడింది, వంతెన గట్టిగా ఉంది. నువ్వు రా.

ఇట్లు,
మహీన్ వాళ్ళ నాన్న,
జలీల్