నుసుముల కాలం

సారపాక,
నవంబర్ నెల

ప్రియమైన కళావతక్కకు,

లాలి రాస్తున్నది. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదని కోపం పెట్టుకోకు. మొదటిసారి ఎత్తాను. నీ గొంతు వినగానే మాట రాలేదు, పెట్టేశాను. కాగితం మీదైతే ఏడ్చినా ఎవరికీ వినపడదు. బళ్లో మనం ఒకే బెంచీ మీద నేర్చుకున్న రాత ఇప్పుడు పనికొస్తున్నది.

మేము బాగానే ఉన్నాం అని రాయాలి కదా, అట్లాగే అనుకో. ఒక్క గది, కిరాయికి. మా ఆయన భీమ్లాకు కాగితం మిల్లు కాంట్రాక్టరు దగ్గర జామాయిల్ కర్ర లారీలు దించే పని దొరికింది. నేను ఒక హోటల్లో గిన్నెలు తోముతున్నాను. అత్తతోనే కష్టంగా ఉంది. తెల్లవారగానే లేచి తలుపు తీస్తుంది. గొర్రెల దొడ్డి ఉందనుకుని చూస్తుంది. "పొద్దెక్కింది బిడ్డా, గొర్లను ఇడువు" అంటుంది. ఎదురుగా సిమెంటు గోడ, దాని మీద ఎవరివో ఆరేసిన బట్టలు. కాసేపు చూసి లోపలికొచ్చి కూర్చుంటుంది.

పంచాయితీ రోజు నువ్వు ఊళ్లో లేవు, ఏన్కూరులో మీ అమ్మ దగ్గర ఉన్నావు. ఎవరు నీకు ఏం చెప్పారో తెలియదు. జరిగింది ఇది. దసరా తరువాత వానలకు మా మందలో గొర్రెల మూతులు వాచాయి. జ్వరం, చొంగ, నోటి నిండా పుండ్లు, కాలు కింద పెట్టలేకపోవడం. తరువాత మీ మందలోనూ మొదలైంది. మేము ముదిగొండ నుంచి కొత్తగా తెచ్చిన పొట్టేలే రోగం మోసుకొచ్చిందని అందరూ అన్నారు. మీ మామ జంపయ్య పంచాయితీలో లేచి నిలబడి, మా అత్త వైపు తిరిగి, "చాందీ, నీ మంద మా మందల కలవద్దు. వాగు కింది పదను చేన్ల పెట్టుకో. రోగం పోయేదాక ఇటు రావద్దు" అన్నాడు.

ఊరి చివర మాది ఒక్కటే లంబాడీ ఇల్లు. అత్త కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయనను "జంపన్నా" అనే పిలిచింది, ఆయన "చెల్లె" అన్నాడు. ఇద్దరి మందలూ ఒక్క అడవిలో మేశాయి. అత్త ఆ రోజే మందను వాగు కిందికి తోలింది. వాగు కింది చేనికి పోయాక మాకు ఇంకా ఎక్కువ గొర్రెలు చచ్చాయి. మిగిలినవి ఖమ్మం కసాయి తోలుకుపోయాడు. ఆ ఊళ్లో ఇంక నీళ్లు తాగనని భీమ్లా అన్నాడు. వచ్చేశాం.

నీ మీద నాకేమీ లేదక్కా. నువ్వు ఉంటే మాట్లాడేదానివని నాకు తెలుసు.

నీ చెల్లెలు,
లాలి


ఊరి నుంచి,
డిసెంబర్ మొదట్లో

ప్రియమైన లాలీ,

నీ ఉత్తరం పట్టుకుని దొడ్డి వెనక్కి పోయి చదివాను. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మా ఆయన రవీందర్‌కు మాత్రం చెప్పాను. తల వంచుకుని విని, "రాయి, బాగున్నరా అని అడుగు" అన్నాడు.

మీరు పోతే రోగం పోతుందన్నారు కదా. పోలేదు. మీ గొర్రె ఒక్కటి కూడా లేదు ఊళ్లో, అయినా రోజూ ఎవరో ఒకరి దొడ్డిలో ఏడుపే. మా మందలో సగానికి పైగా పోయాయి. మూతి ఉబ్బి, నాలుక నేరేడు పండు తిన్నట్టు నీలంగా మారి, మేత ముందర పెడితే వాసన చూసి తల తిప్పుకుంటాయి. గంజి పోస్తే మింగలేవు. చూలు గొర్రెలకు కడుపులు పోయాయి. పొద్దున లేవాలంటేనే భయంగా ఉంది.

మామ మాట్లాడడం తగ్గించాడు. చచ్చిన గొర్రెలను గుంట తీసి పూడ్చడం ఆయన పనే. నిన్న రవీందర్, "నాయనా, ఆళ్ల మంద పోయినంక గూడ సస్తున్నయంటే రోగం ఆళ్లది కాదు" అన్నాడు. మామ పార పట్టుకుని పోయాడు.

అత్త తింటున్నదా? చలి ఎక్కువగా ఉంది, గోదారి గాలి కూడా కదా మీకు. ఆమెకు గొంగడి ఉందా? నేను అడిగానని చెప్పు.

నీ అక్క,
కళావతి


సారపాక,
డిసెంబర్ నెల

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం భీమ్లాకు చదివి వినిపించాను. "మంచిగైంది" అన్నాడు. అని బయటికిపోయి చాలాసేపు రాలేదు. వచ్చాక అన్నం తినలేదు. చచ్చింది ఎవరి గొర్రె అయినా అతనికి అట్లాగే ఉంటుంది, నీకు తెలుసు.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. మేము లేకపోయినా రోగం ఉందని ఇప్పుడు తెలిసింది, మరి ఇప్పుడైనా ఎవరైనా ఒక్క ఫోన్ చేశారా? నువ్వు కాదు, వాళ్లు.

అత్తకు దగ్గు పట్టుకుంది. దవాఖానాకు తీసుకుపోయాం, మందులిచ్చారు. గొంగడి ఉంది. నీ పేరు చెబితే నవ్వింది. తిండి తగ్గింది.

లాలి


ఊరి నుంచి,
జనవరి నెల

ప్రియమైన లాలీ,

ఇది కాస్త నింపాదిగా కూర్చుని చదువు. అత్తకు కూడా చదివి వినిపించు, ముఖ్యంగా ఆమెకు.

మన ఊరికి మెహర్ అని ఒకమ్మాయి వచ్చింది. ఖమ్మం వాళ్లే. హైదరాబాదులో పశువుల రోగాల మీద పరిశోధన చేస్తుంది. డాక్టరు గారితో జీపులో వచ్చి గొర్రెల నోళ్లు చూసింది. "ఇది నీలి నాలుక జబ్బు" అంది. తరువాత ఆమె గొర్రెలను వదిలి, బర్రెల కొట్టాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మాకు వింతగా అనిపించింది. సాయంత్రం మా కొట్టం చూరుకు ఒక చిన్న లైటు వేలాడదీసింది. దాని కింద ఫ్యాను, ఫ్యాను కింద మందు నీళ్ల సీసా. వాగు కింది చేనిలో కూడా ఒకటి పెట్టింది.

తెల్లవారి సీసాలో చూస్తే మిరియాల పొడి చల్లినట్టుంది. నుసుములు, లాలీ! మునిమాపున చెవుల దగ్గర, కండ్ల దగ్గర ముసురుతాయి చూడు, చేత్తో తోలితే పోతాయనుకుంటామే, అవే. మైక్రోస్కోపు తెచ్చింది, నన్ను చూడమంది. అంత చిన్నదానికి రెక్కలున్నాయి, రెక్కల మీద మచ్చలున్నాయి. వీటిలో వెయ్యికి పైగా రకాలున్నాయట. ఏది ఏ రకమో ఆ మచ్చల వరసను చూసి పోల్చుకుంటారట. కొన్ని పిట్టలను కరుస్తాయి, కొన్ని పశువులను. మగవి కరవనే కరవవు. గుడ్లు పెట్టడానికి నెత్తురు కావాలి కాబట్టి ఆడవే కరుస్తాయి. అన్ని రకాలూ రోగం మోయవు. మోసే రకం మా సీసాలో నిండుగా ఉంది.

మామ అంతా వింటూ దూరంగా నిలబడి ఉన్నాడు. చివరికి దగ్గరికొచ్చాడు.

"గింత నుసుముకు గంత గొర్రె సస్తదా?"

"నుసుము చంపదు పెద్దయ్యా, మోసుకొస్తది. బర్రె నెత్తురుల రోగముంటది, కానీ బర్రెకు ఏం కాదు, మంచిగనే కనబడ్తది. బర్రెను కరిచిన నుసుమే కొన్ని దినాలకు పోయి గొర్రెను కరుస్తది."

"మరి గొర్రెను గొర్రె తాకితే?"

"గట్ల రాదు."

"ఒక్క కాడ నీళ్లు తాగితే?"

"రాదు."

"పక్కపక్కన పండుకుంటే?"

"రాదు పెద్దయ్యా. నడిమిట్ల నుసుము లేంది రాదు."

"ఏడ పుడ్తయి ఇవి?"

"పేడ కలిసిన బురదల. పదను నేలల. ఆ వాగు కింది చేన్ల పెట్టిన సీసాలనే అన్నిటికంటే ఎక్కువ పడ్డయి."

మామ వెనక్కి తిరిగాడు. కొట్టం వెనక పేడ బురద వైపు చూశాడు. అక్కడే చతికిలబడ్డాడు.

ఊళ్లో బర్రెల నెత్తురు తీసుకుపోయారు. మొన్న కబురు వచ్చింది. చాలా వాటి ఒంట్లోకి ఈ రోగం వచ్చి పోయిన గుర్తులున్నాయట. మా బర్రెల్లో కూడా. మొదట ఏ గొర్రెకు వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరట. కానీ ఒక మందను తరిమితే ఆగే రోగం కాదు ఇది అని మెహర్ గట్టిగా చెప్పింది. వానలకు ముందే టీకా వేయించి, గొర్రెలను బర్రెల కొట్టానికి దూరంగా, మెరక మీద మందగట్టి ఉంటే చాలా వరకు బతికేవట.

అత్తకు చెప్పు లాలీ. మీ పొట్టేలు తప్పు ఏమీ లేదని చెప్పు.

నీ అక్క,
కళావతి


సారపాక,
జనవరి చివర

కళావతక్కకు,

ఉత్తరం అందింది. చదివాను. ఆ నుసుముల సంగతి తెలిసింది. మమ్మల్ని పెట్టుకొమ్మన్న చేనిలోనే అవి ఎక్కువ ఉన్నాయన్న మాట దగ్గర ఆగిపోయాను, తరువాతది మర్నాడు చదివాను.

మాకు పని ఉంది. భీమ్లా లారీల మీదనే ఉంటున్నాడు. హోటలామె మంచిది.

మా కోసం ఎవరినీ పంపకు. మళ్లీ ఎప్పుడన్నా రాస్తాను.

లాలి


ఊరి నుంచి,
ఫిబ్రవరి నెల

ప్రియమైన లాలీ,

ఎవరినీ పంపకు అన్నావు. అయినా ఈ ఉత్తరం మామ చేతికిచ్చి పంపుతున్నాను. నేను పంపడం లేదు, ఆయనే వస్తున్నాడు. మన దగ్గర జామాయిల్ ఎక్కించుకున్న లారీ మిల్లుకు వస్తుంటే, డ్రైవరును బతిమాలి ముందర చోటు సంపాదించాడు.

నిన్న పొద్దున ఊరి పెద్దలను కూర్చోబెట్టి అందరి ముందర అన్నాడు. "చాందిది తప్పు లేకుండె. తప్పు నాది. యాభై ఏండ్ల సంది గొర్లు కాసిన, నాకు అంతా తెలుసనుకున్న. నా చెల్లెను నేనే ఎళ్లగొట్టిన." ఎవరూ తల ఎత్తలేదు. మీ ఇంటి కప్పు మీద కొత్త గడ్డి వేయించాడు. వాకిలి తానే ఊడ్చాడు.

నువ్వు తనతో మాట్లాడకపోయినా పర్లేదన్నాడు. చాంది అత్త ముందర ఒక్కసారి నిలబడాలి, అంతే. మాట పెగలకపోతే ఈ ఉత్తరం చదివి వినిపించమన్నాడు. మిగిలిన వాటిలో మంచి చూలు గొర్రెను ఏరి ఆమెకు తెస్తున్నాడు. అది కూడా లారీలోనే ఉంటుంది.

పోయిన ఉత్తరంలో అత్త మాటే రాయలేదు నువ్వు. అలిగిందా? బయటికి పిలువు లాలీ. ముసలాయన బాగా వంగిపోయాడు.

నీ అక్క,
కళావతి


సారపాక,
అదే వారం

ప్రియమైన అక్కకు,

లారీ దించుతున్నారు. అది ఖాళీ అయ్యేలోపు ఇది రాసి మామ చేతికే ఇస్తాను. ఆయన నీకు చెప్పలేడు.

పొద్దున గిన్నెల పనికి బయలుదేరుతుంటే వాకిట్లో "చెల్లే!" అని పిలుపు వినపడింది. బయటికొస్తే మామ. భుజం మీద తువ్వాల, చేతిలో గొర్రె తాడు. నన్ను కాదు, నా వెనక గదిలోకి చూస్తున్నాడు.

"కూసో మామా" అన్నాను. నీళ్లిచ్చాను. తాగాడు.

"చెల్లె పండుకున్నదా?"

"లేదు మామా. పోయింది."

"ఏడికి?"

నిజంగానే ఎక్కడికని అడిగాడక్కా. నేను ఎట్లా చెప్పాలి?

"సంకురాత్రికి ముందల పోయింది మామా. దగ్గు ముదిరింది. దవాఖానల పోయింది. ఇగ రాదు."

గ్లాసు కింద పెట్టబోయి పెట్టలేకపోయాడు, అది దొర్లింది. గొర్రె వెళ్లి ఆ తడి నాకుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఊరికి కబురు పెట్టొద్దని భీమ్లా నాతో ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నీకు రాయలేదు. నువ్వు నుసుముల గురించి రాసిన ఉత్తరం అత్త పోయిన తరువాత వచ్చింది. పొట్టేలు తప్పు కాదని ఆమె వినలేదు. మన మందే జంపన్న మందను చంపిందన్న మాటతోనే పోయింది. ఆ ఉత్తరం ముందు వచ్చి ఉంటే, అని ఎన్నిసార్లు అనుకున్నానో.

కాసేపటికి మామ అడిగాడు. "నన్ను తిట్టిందా బిడ్డా?"

ఈ మాట ఎప్పుడో అడుగుతాడని నాకు తెలుసు. జవాబు కూడా పెట్టుకున్నాను. తిట్టుకుంటూనే పోయింది, నీ పేరు చెప్పి మన్ను పోసింది అని అనాలనుకున్నాను. తోమిన ప్రతి గిన్నె దగ్గరా ఆ మాట అనుకున్నాను. ఎదురుగా ఆయనను చూశాక నోరు రాలేదు. జరిగిందే చెప్పాను.

దవాఖానాలో జ్వరం ఎక్కినప్పుడల్లా ఒకటే అడిగేది. నన్ను, నర్సమ్మను, పక్క మంచం వాళ్లను కూడా. "జంపన్న గొర్లు బతికినయా?" సగం పోయాయని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. "బతికినయి అత్తా" అనేదాన్ని. "అన్నీ?" "అన్నీ." అప్పుడు రెండు గుక్కల గంజి తాగేది. మళ్లీ సాయంత్రం అదే అడిగేది.

ఇది చెప్పగానే మామ తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడుపు బయటికి రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. నా కోపం ఇంకా ఉందో లేదో నాకే తెలియలేదు. పోయి పక్కన కూర్చున్నాను.

గోదారి ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోయాను. దహనం చేసిన చోట చూపించడానికి ఏమీ లేదు, ఇసుకే. అక్కడ నిలబడి, తెచ్చిన మాటలన్నీ చెప్పాడు. కప్పుకు గడ్డి వేయించానన్నాడు. వాకిలి ఊడ్చానన్నాడు. నుసుముల సంగతి కూడా చెప్పాడు, చిన్న పిల్లకు చెప్పినట్టు, నిదానంగా. "నీ పొట్టేలు కాదే చెల్లే, నా కొట్టంల పుట్టిన నుసుములే" అన్నాడు. నేను దూరంగా వచ్చేశాను.

భీమ్లా మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఆయనను చూశాడు. పలకరించలేదు. కాళ్లు కడుక్కుని, పళ్లెంలో అన్నం పెట్టి ఆయన ముందర జరిపాడు. తరువాత తానూ పక్కనే కూర్చుని తిన్నాడు. గొర్రెను ఈ గదిలో ఉంచుకోలేం, మామ వెనక్కి తీసుకుపొమ్మంటే వినడం లేదు. భీమ్లానే దాన్ని ఎత్తుకుపోయి లారీలో కట్టి వచ్చాడు.

మేము తిరిగి రాము అక్కా. ఇది అలక కాదు. ఆ ఇంటి తలుపు తీస్తే అత్త లేదని మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవాలి, అది నా వల్ల కాదు. కొత్త గడ్డి వేసిన కప్పు కింద ఎవరినైనా ఉండనీ.

వానలకు ముందు టీకా వేయించండి, ఈసారి మరవకండి. మామ తోవ పొడుగునా ఏమీ తినడు, దిగగానే ఏదన్నా పెట్టు. నువ్వు ఒక్కసారి ఇటు రా, ఒక్కదానివే. ఇద్దరం ఏటి ఒడ్డున కూర్చుందాం. నేను ఇంతవరకు ఎవరి ముందరా ఏడవలేదు.

లారీ హారన్ కొడుతున్నది.

నీ కోసం చూసే
లాలి