ఇస్త్రీ బల్ల మీద వీలునామా

గురువారం

వీలునామా పని ఇవాళ్టితో అయిపోయింది. ఫ్లాటు, పీఎఫ్, బంగారం అన్నీ పాపకే. దానికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా మా అక్క చూసుకుంటుంది. అక్కకే ఏదైనా అయితే... అది లాయర్ని అడగడం మర్చిపోయాను. మా ఆయన ఏ కాగితమూ రాయకుండా పోయాక ఈ ఎనిమిది నెలలూ నేను తిరిగినట్టు పాప ఆఫీసుల చుట్టూ తిరగకూడదు.

ఇద్దరు సాక్షులు కావాలన్నాడు లాయరు. బంధువులు వద్దట, నాకంటే చిన్నవాళ్లయితే మేలట. హఫీజ్‌పేట్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నా, ఎదురింటి లలిత తర్వాత ఇంకో పేరు తట్టలేదు. రాయదుర్గంలోని మా ఆఫీసులో ఎవరినైనా అడిగితే మళ్లీ కథంతా చెప్పాలి. చివరికి మా గేటు పక్కన ఇస్త్రీ చేసే యాదయ్యను అడిగాను.

సాయంత్రం అతని ఇస్త్రీ బల్ల మీదే ముగ్గురం సంతకాలు పెట్టాం. అతను చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. నా చేతికి కాగితం వెచ్చగా తగిలింది.

"మంచిగ చేసిన్రు మేడం," అన్నాడు. ఇస్త్రీపెట్టె పక్కకు జరుపుతూ, "సారు చొక్కాలు రెండు నా కాడనే ఉండిపోయినయి. మీకెట్ల ఇయ్యాల్నో సమజ్ కాలే. మడతలు పాడైతయని నెలకోపారి మళ్ల ఇస్త్రీ చేసి పెడుతున్న," అన్నాడు.

లలిత ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు ఏడుపు రాలేదు. కాగితాలు ఫైల్లో సర్దుకున్నాను.

"ఇంకో నెల ఉంచు యాదయ్యా," అన్నాను.