కాఫీలో మొదటి గుక్క

శ్రీనూ,

శాన్ రామన్‌లో మా ఇంటికొచ్చినప్పుడల్లా నువ్వు కాఫీలో మొదటి గుక్క పెరట్లో ఒలికించేవాడివి. "గ్రీకు ఇతిహాసాల్లో దేవుళ్ళకీ, పోయినవాళ్ళకీ ఇలాగే పోస్తారన్నయ్యా. అది తాగితే పోయినవాళ్ళు మాట్లాడతారు," అనేవాడివి. పిహెచ్‌డీ చేసింది ఇందుకా, మన దేవుళ్ళు చాలలేదా అని ఓసారి అరిచాను. ఆ తర్వాత నువ్వు రావడం తగ్గించావు.

నిన్న మహాలయ అమావాస్య. పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రం చెబుతుంటే, అదే పెరట్లో నీ పేరు చెప్పి నువ్వులనీళ్ళు వదిలాను. మా అమ్మాయి చూసి, "నాన్నా, బాబాయ్ కాఫీతో చేసింది సేమ్ థింగ్ కదా?" అంది.

కాల్ అయ్యాక నీకు కాఫీ కలపబోయాను. పంచదార ఎంతో నాకు తెలియలేదు. మీ వదినని అడిగి వేశాను. మొదటి గుక్కే కాదు, కప్పంతా పోసి, ఏమైనా అంటావేమోనని అక్కడే నిలబడ్డానురా.