చిల్కానగర్‌లో ఇల్లడిగిన రోజు

నాయినా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీ మనవరాలు రమ్యతో చిల్కానగర్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లాను. గదులన్నీ చూపించాక ఓనరమ్మ, "ఇంతకు మీరెవలోళ్లు?" అని కులం ఆరా తీసింది.

నాచారంలో ఇల్లు వెతికినప్పుడు ఈ ప్రశ్నకే నువ్వు గొంతు తగ్గించి "ఎస్సీలం" అనేవాడివి. నేనూ అలాగే చెప్పబోయాను.

"దళితులం ఆంటీ," అంది రమ్య, తన పేరు చెప్పినంత మామూలుగా.

"అంటే ఏంది?" అందామె.

"తొక్కితే నలిగినోళ్లం. తొక్కినోళ్లు ఉన్నరని యాదికుండాలని మేమే ఎంచుకున్న పేరు."

దాని ముఖం వంకే చూస్తూ నిలబడిపోయాను. మనింట్లో ఇంత మాట పుట్టిందా అనిపించింది.

"ఇల్లు మా సుట్టాలకు ఇస్తమన్నం," అంది ఓనరమ్మ నేల చూస్తూ, వినబడీ వినబడనట్టు.

నాయినా, ఈసారి గొంతు తగ్గించింది ఆమె.