డీవియేషన్‌కు నేను చెప్పిన అర్థం

మంగళవారం, రాత్రి

మధ్యాహ్నం అక్క మందుల కంపెనీ నుంచి ఫోన్ చేసింది. "ఇయ్యాల డీవియేషన్ అయిందమ్మా, లేటయితది" అని పెట్టేసింది.

"గదేందే?" అని అమ్మ నన్నడిగింది. నేను సంబరంగా డిక్షనరీ తీసి, "పెడదారి పట్టడం" అని గట్టిగా చదివాను. అమ్మ మొహం మారింది. అది చూసి కూడా, ఆ మాట ఎంత బాగుందో అనుకుంటూ ఇంకోసారి చదివాను.

అక్క గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అమ్మ అడిగింది. "ఎవడే వాడు?"

సంగతి అర్థమయ్యేసరికి అక్కకు ఏడుపొచ్చింది. "ఎవడేందమ్మా! మందులుంచే రూముల వేడి రెండు డిగ్రీలు పెరిగింది. గట్లయితే డీవియేషన్ అని రాయాలె. నేనే చూసి రాసిన."

అమ్మ సరేనంది. కానీ రేపటి నుంచి అక్క బస్సెక్కే ఇస్నాపూర్ స్టాపు దాకా తనూ వెంట వస్తుందట. అక్క అన్నం తినలేదు.

పడుకున్నాక నన్ను మెల్లగా అడిగింది. "నీ డిక్షనరీల దానికి ఇంకో అర్థమే లేదానే?"

"లేదక్కా" అన్నాను.

ఉంది. మొదటి అర్థమే "తేడా". మరీ చప్పగా ఉందని చదవలేదు.